ప్రార్థనకే టైమ్ లేని ఇంట్లో విశ్వాసం ఎక్కడుంటుంది అక్కా?

ప్రశ్న: అక్కా, వందనాలు. పెళ్ళికి ముందు రోజూ గంటసేపు బైబిల్, ప్రార్థన, యూత్ మీటింగులు, ఉపవాసాలు అన్నీ ఉండేవి. ఇప్పుడు నాలుగేళ్ళ బాబు, ఎనిమిది నెలల పాప, పక్షవాతంతో మంచం మీదున్న అత్తయ్యగారు. లేచిన దగ్గర్నుంచి వంట, అంట్లు, బట్టలు, డైపర్లు, మందులు. బైబిల్ తెరిస్తే రెండు వచనాలకే నిద్రొచ్చేస్తోంది. సాయంత్రం కుటుంబ ప్రార్థన పెడితే బాబు గోల, మావారు ఫోను, చివరికి నా అరుపులతో అయిపోతుంది. ఆదివారం పాపని ఎత్తుకుని చర్చి బయటే తిరుగుతా, వాక్యం ఒక్క ముక్క వినపడదు. మిగతా సిస్టర్స్ నాలుగింటికే లేచి ప్రార్థించామని సాక్ష్యం చెప్తుంటే నేను పడిపోయానేమో అనిపిస్తుంది. కారణం లేకుండా ఏడుపొస్తోంది. ఈ అంట్లు, బట్టల్లో దేవుడికి ఏమైనా పనుందా అక్కా? సండే స్కూల్లో క్లాస్ చెప్తున్నా, అది కూడా మానేయాలా?

జవాబు: చెల్లీ, వందనాలు. అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాసేస్తున్నా, ఏమనుకోకు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నువ్వు చేస్తున్న పనులన్నీ పాపాలు ఒప్పుకుంటున్నట్టు రాశావు, చంటిపిల్లకి డైపర్ మార్చడం, మంచం మీదున్న మనిషికి వేళకి మందులివ్వడం కూడా దేవుడికి దూరమవ్వడానికి కారణాల లిస్టులో పడేశావు. ఎవరైనా బయటివాళ్ళు ఆ లిస్టు చదివితే ఈ అమ్మాయి ఎవరోగానీ ఇంటిల్లిపాదినీ మోస్తోంది అనుకుంటారు, నువ్వేమో నేను పడిపోయాను అంటున్నావు.

అసలు చిక్కంతా కొలతలో ఉందని నాకనిపిస్తోంది. పెళ్ళికి ముందు కుట్టించుకున్న బట్టలు ఇప్పుడు పట్టట్లేదని ఒంటిని తిట్టుకుంటున్నట్టుంది నీ పరిస్థితి. అప్పుడు నీ టైమ్ నీది, తలుపేసుకుంటే గంటసేపు ఎవరూ కదిలించరు, అది మంచి కాలమే, దాన్ని తక్కువ చెయ్యట్లేదు, అప్పుడు చదివిన వాక్యమే ఇప్పుడు నీ లోపల ఎక్కడో ఉండి ఈ ఉత్తరం రాయించింది. కానీ విశ్వాసం అంటే ఆ గంట మాత్రమే అని ఎప్పుడు ఎలా అనుకున్నామో తెలీదుగానీ చాలామందిమి అనుకున్నాం. గంట ఉంటే దేవుడున్నాడు, గంట పోతే దేవుడూ పోయాడు అన్నట్టు.

ఒక్కసారి యేసు జీవితమే చూడు. లూకా మూడో అధ్యాయంలో ఆయన పరిచర్య మొదలుపెట్టేసరికి దాదాపు ముప్ఫై ఏళ్ళు అని ఉంటుంది కదా. మరి అంతకుముందు? పుట్టినప్పటి సంగతులు, పన్నెండేళ్ళప్పుడు యెరూషలేము దేవాలయంలో తప్పిపోయి దొరికిన సంగతి, తర్వాత నజరేతుకి వెళ్ళి తల్లిదండ్రులకి లోబడి ఉన్నాడని ఒక మాట, అంతే. మిగతాదంతా ఇల్లు. వడ్రంగి పని, తల్లి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న మామూలు ఇల్లు, ఎవరూ రాసిపెట్టని రోజులు. దేవుని కుమారుడు భూమ్మీద గడిపిన కాలంలో ఎక్కువ భాగం ఇదే చెల్లీ. ఇంకోటి గమనించు, బాప్తిస్మం దగ్గర ఆకాశం నుంచి ఈయన నా ప్రియకుమారుడు, ఈయనయందు ఆనందిస్తున్నాను అనే స్వరం వచ్చింది కదా, అప్పటికి ఆయన చేసిన ఒక్క అద్భుతం గానీ చెప్పిన ఒక్క ప్రసంగం గానీ సువార్తల్లో కనపడదు. తండ్రి ఆనందించింది ఆ నజరేతు ఇంట్లోంచి వచ్చిన కొడుకుని చూసి. ఇది అర్థమైతే నువ్వడిగిన "అంట్లల్లో దేవుడికి పనుందా" అన్న ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

నువ్వు రాయలేదు గానీ మార్త, మరియల కథ నీ మనసులో తిరుగుతూనే ఉంటుందని నాకు తెలుసు, అదే, ప్రభువు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంటే మార్త పనుల్లో మునిగిపోయి విసుక్కున్న కథ. ఆ కథతో ఇల్లు చూసుకునే ఆడవాళ్ళని కొట్టినంత ఇంక దేనితోనూ కొట్టలేదు మన ప్రసంగాల్లో, నాకైతే అది వింటే ఒళ్ళు మండుతుంది. ప్రభువు మార్తతో అన్న మాట సరిగ్గా చూడు, "నీవనేకమైన పనులనుగూర్చి విచారముకలిగి తొందరపడుచున్నావు" అన్నాడు. వంట చెయ్యొద్దు అనలేదు, ఆ కంగారుని చూసి అన్నాడు, చెల్లెల్ని చూసి ఆమె పడుతున్న మంటని చూసి అన్నాడు. అదే మార్త యోహాను పదకొండులో తమ్ముడు చనిపోయిన దుఃఖంలో నిలబడి నీవు దేవుని కుమారుడవైన క్రీస్తువని నమ్ముతున్నాను అంటుంది, పేతురు ఒప్పుకోలుకి ఏమాత్రం తీసిపోని మాట అది. ఆ వెంటనే పన్నెండో అధ్యాయంలో ప్రభువుకి విందు చేస్తే అక్కడ మళ్ళీ మార్తే ఉపచారం చేస్తోంది. ఈసారి ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. పని అదే, చేతులు అవే. ఈ రెండు అధ్యాయాలూ ఎందుకో ప్రసంగాల్లో రావు.

అలాగని నీకు ఇంకో చివర కూడా చెప్పను. "పనే ప్రార్థన, నువ్వు ఇంటి పని చేస్తే చాలు, అదే ఆరాధన" అని తేలిగ్గా అనేస్తారు కొందరు, నేను ఒప్పుకోను. పళ్ళు కొరుక్కుంటూ గిన్నెలు విసిరేస్తూ కూడా అంట్లు తోమొచ్చు, అది ఆరాధన ఎలా అవుతుంది. పని దానంతటది ప్రార్థన అవ్వదు, చేస్తూ చేస్తూ మధ్యలో మనసు ఒక్కసారి ఆయన వైపు తిరగాలి, ఒక్కసారి చాలు. నెహెమ్యా గుర్తున్నాడా, రాజు నీకేం కావాలి అని అడిగాడు, రాజు ఎదురుగా నిలబడే ఉన్నాడు, ఆ ప్రశ్నకీ జవాబుకీ మధ్యలో ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాను అంటాడు. ఎంతసేపు చేసుంటాడు? మోకాళ్ళూనే టైమ్ లేదు, కళ్ళు మూసుకునే వీలూ లేదు. అది కూడా బైబిల్లో ప్రార్థన కింద రాసి ఉంది. నీకిప్పుడు ఉన్న ప్రార్థనలు ఆ సైజువే, వాటిని వాడుకో. పాప ఏడుస్తుంటే ఎత్తుకునే ముందు "ప్రభువా, ఓపికివ్వు". అత్తయ్యగారి మందు తీస్తూ ఆవిడ పేరు చెప్పి ఒక్క మాట. బాబు చొక్కా మడతేస్తూ వాడి గురించి ఒక మాట. పారిస్‌లో 17వ శతాబ్దంలో బ్రదర్ లారెన్స్ అని కార్మెలైట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘంలో ఒక సహోదరుడు మఠం వంటగదిలో ఏళ్ళ తరబడి ఇదే చేశాడు, ఆ వంటగది గోలలో కూడా దేవుని సన్నిధిలో ఉన్నట్టే ఉంటాను అనేవాడు. విశేషం ఏంటంటే ఆయనకి స్వతహాగా వంటపని అంటే అస్సలు ఇష్టం లేదట. (ఆయన కాళ్ళకి చుట్టుకునే పిల్లలు లేరులే, అది కూడా ఒప్పుకుందాం.)

బైబిల్ సంగతి. ఒక సంవత్సరంలో మొత్తం చదివే ప్లాన్ పెట్టుకున్నావేమో, ఉంటే పక్కన పెట్టెయ్. 117వ కీర్తన రెండే వచనాలు, 131వ కీర్తన మూడే. ఈ 131 నీకోసమే రాసినట్టుంటుంది, పాలు విడిచిన బిడ్డ తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం నెమ్మదిగా ఉంది అంటాడు అందులో. ఒక నెలంతా అదొక్కటే చదువు, తప్పులేదు. కాగితం మీద రాసి గిన్నెలు తోమే చోట అంటించుకో, చేతులు తడిగా ఉన్నా కళ్ళు ఖాళీయే కదా. ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టుకుని పాపకి పాలిస్తూ విను, అచ్చు పుస్తకాలు లేని కాలంలో విశ్వాసులు చాలామంది వాక్యాన్ని విన్నవాళ్ళే, చదివినవాళ్ళు కాదు. మధ్యలో నిద్రపడితే పట్టనియ్.

ఈ నిద్ర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నువ్వు అలసటని పాపం అనుకుంటున్నావు. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద పడుకుని చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు దూతని పంపి ఏం చేయించాడు? ప్రసంగం చెప్పించలేదు. లేచి తిను అన్నాడు, తిని మళ్ళీ పడుకున్నాడు, దూత రెండోసారి వచ్చి మళ్ళీ తినమన్నాడు. మాట్లాడ్డం తర్వాత, హోరేబు కొండ దగ్గర. ఫ్రాన్స్‌లో లిసియూ తెరేసా అని ఒక కార్మెలైట్ సన్యాసిని ఉండేది, 1873లో పుట్టి 1897లో ఇరవై నాలుగేళ్ళకే చనిపోయింది, ఆవిడకి ప్రార్థన టైములో నిద్రపట్టేసేదట, దానికి దిగులుపడకుండా పిల్లలు మేలుకుని ఉన్నా నిద్రపోయినా తల్లిదండ్రులకి అంతే ముద్దు కదా అని రాసుకుంది. పిల్లల్లేని ఆ సన్యాసినికి తట్టిన మాట ఇద్దరు పిల్లల తల్లివి, నీకు తట్టకపోతే ఎలా. యెషయా నలభైలో కాపరి గురించి చెప్తూ "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును" అని ఉంది. మంద మొత్తానికీ ఒకే స్పీడు పెట్టే కాపరి కాదు ఆయన. చంటిబిడ్డ ఉన్నదాన్ని తోసి తరమడు.

అయితే కారణం లేకుండా ఏడుపొస్తోంది అన్న ముక్క నువ్వు చివర్లో మామూలుగా రాసేసినా నాకు అక్కడే ఆగిపోవాలనిపించింది. బిడ్డ పుట్టాక వచ్చే డిప్రెషన్ మొదటి సంవత్సరంలో ఎప్పుడైనా రావచ్చు, పుట్టిన వెంటనే రావాలని రూలేం లేదు. రెండు వారాలకి మించి రోజూ అలాగే ఉంటే, పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, వాయిదా వెయ్యకు. నన్ను నేనేమైనా చేసుకుంటానేమో, బిడ్డకి ఏమైనా చేస్తానేమో అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే అదే రోజు మీ ఆయనకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఎవరైనా ఇది విశ్వాసం తక్కువై వచ్చింది, ప్రార్థన చేస్తే పోతుంది అంటే ఆ మాట వినకు. ప్రార్థన చేయించుకో, డాక్టర్ దగ్గరికీ వెళ్ళు. మీ అత్తయ్యగారి పక్షవాతానికి మందులు వాడుతూనే ప్రార్థిస్తున్నారు కదా, నీకు మాత్రం వేరే రూల్ ఎందుకు.

ఇక కుటుంబ ప్రార్థన. నువ్వు రాసినదాన్ని బట్టి పాట, అధ్యాయం, వివరణ, ఒక్కొక్కరి ప్రార్థన, ఇలా చిన్న సైజు ఆరాధనే పెట్టినట్టున్నావు. నాలుగేళ్ళ పిల్లాడు అంతసేపు కూర్చుంటే ఒంట్లో బాగాలేదేమో చూడాలి. ఐదు నిమిషాలకి తగ్గించెయ్. ఒక పాట, వాడికి నచ్చింది, గెంతుతూ పాడినా సరే. ఇవాళ దేనికి థాంక్స్ చెప్దాం అని వాణ్ణే అడుగు, బొమ్మ కారుకి అంటే బొమ్మ కారుకే చెప్పండి. పరలోక ప్రార్థన అందరూ కలిసి. అయిపోయింది. ద్వితీయోపదేశకాండం ఆరులో పిల్లలకి వాక్యం ఎప్పుడు చెప్పమన్నాడో చూడు, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అంటే మాటల మధ్యలో, స్నానం చేయించేటప్పుడు, పక్క వేసేటప్పుడు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీకి పందొమ్మిది మంది పుడితే సగం మంది దాకా పసితనంలోనే పోయారు, అప్పులు, భర్తతో గొడవలు, ఇల్లు కాలిపోవడం అన్నీ చూసింది. ఆవిడ తలమీద ఆప్రాన్ కప్పుకుని ప్రార్థించేదన్న కథ అందరూ చెప్తారు, నాకు నచ్చేది మాత్రం ఇంకోటి, వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకి కేటాయించి వాళ్ళతో విడిగా కూర్చుని మాట్లాడేది. జాన్‌ది గురువారం. పెద్దయ్యి ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాక కూడా ఆ గురువారం సాయంత్రంలో కొంచెం టైమ్ నాకోసం ఇస్తావా అని తల్లికి ఉత్తరం రాశాడాయన. కొడుక్కి గుర్తుండిపోయింది అది. నువ్వు కూడా వారం వారం సాయంత్రాలు కేటాయించాలని చెప్పట్లేదు బాబూ, మళ్ళీ ఇంకో టార్గెట్ పెట్టుకునేవు. పడుకునేముందు వాడితో పది నిమిషాలు ఫోను లేకుండా ఉంటే చాలు.

అరుపుల గురించి. అరిచావు, అయిపోయింది. తర్వాత ఏం చేస్తున్నావన్నదే ఇక్కడ ముఖ్యం. వాడి ఎత్తుకి కిందకి కూర్చుని "అమ్మ అరిచింది, తప్పు చేసింది, సారీ నాన్నా" అని చెప్పు, తర్వాత వాడి ముందే దేవుడికీ చెప్పు. చాలామంది పెద్దవాళ్ళకి ఇది నామోషీ, పిల్లల ముందు తగ్గితే మాట వినరని భయం. నేను చూసినంతవరకు జరిగేది దానికి పూర్తిగా వేరు. క్షమాపణ అడగడం, క్షమించడం, మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఇవన్నీ ఇంట్లో కళ్ళారా చూసిన పిల్లాడికి రేపు సువార్త చెప్తే కొత్తగా ఉండదు. తల్లిదండ్రులు ఎప్పుడూ తప్పు ఒప్పుకోని ఇంట్లో పెరిగితే మాత్రం క్షమించే దేవుడు అన్న మాట వాడికి ఎక్కడ అతుక్కుంటుంది చెప్పు.

మీ ఆయన. ఫోన్ చూసుకుంటాడని రాశావు, ఇంటి పనిలో చెయ్యి వేస్తాడా లేదా ఒక్క మాట కూడా రాయలేదు, అంటే వెయ్యడని నేను అర్థం చేసుకున్నా. ఈ పేరా ఆయనకి చూపించు. బ్రదర్, పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఏడో వచనం తీసి చదవండి. భార్యని సన్మానించండి, జీవం అనే కృపావరంలో ఆమె మీతోపాటు వారసురాలు, మీ ప్రార్థనలకి అభ్యంతరం రాకుండా ఉండాలంటే అలా చెయ్యండి అని ఉంది. అంటే ఇంట్లో భార్య ఒక్కత్తే నలిగిపోతుంటే ముందు అడ్డం పడేది మీ ప్రార్థనకే. మార్టిన్ లూథర్ 1522లో వివాహం గురించి రాస్తూ, తండ్రి విశ్వాసంతో బిడ్డ మలినపు గుడ్డలు ఉతుకుతుంటే జనం నవ్వొచ్చు గానీ దేవుడు దూతలందరితో కలిసి సంతోషంతో నవ్వుతాడు అన్నాడు. (అప్పటికి ఆయనకి పెళ్ళే కాలేదు, 1525లో చేసుకున్నాడు, చెప్పడం ఈజీ అనుకోండి. తర్వాత ఆరుగురు పిల్లలయ్యారు.) మీ అమ్మగారి మందులు, బాబు స్నానం, ఈ రెండూ మీవి చేసుకోండి చాలు, ముందు.

చెల్లీ, నువ్వు మాత్రం ఆయనకి వాక్యం చెప్పి మార్చాలని చూడకు, నువ్వు సాయం చెయ్యట్లేదు అని మొత్తంగా దెప్పకు కూడా. పలానా పని, పలానా టైమ్ అని విడిగా అడుగు. "రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిదాకా పిల్లలు మీ దగ్గర, నేను తలుపేసుకుంటా" అను. ఆ అరగంటలో ప్రార్థించు, లేదా ఊరికే కూర్చో, లేదా పడుకో. ప్రభువు కూడా జనాన్ని వదిలి ఏకాంత స్థలాలకి వెళ్ళేవాడు కదా. పనిలో దేవుడున్నాడని చెప్పి మనిషికి ఒక్క నిమిషం ఖాళీ ఇవ్వకపోవడం మోసం.

నీ ఉత్తరంలో అత్తయ్యగారు పనుల లిస్టులో మాత్రమే కనపడ్డారు. మాట స్పష్టంగా వస్తుందో లేదో తెలీదు గానీ ఆవిడ దగ్గర ఒకటి దండిగా ఉంది, నీ దగ్గర అసలు లేనిది, టైమ్. రోజంతా పైకప్పు చూస్తూ పడుకుని నేను అందరికీ భారం అయిపోయాను అనుకుంటూ ఉండి ఉంటారు. ఆవిడకి పని ఇవ్వు. "అత్తయ్యా, ఇవాళ బాబుకి జ్వరం, మీ అబ్బాయికి ఆఫీసులో టెన్షన్, నాకు ఓపిక లేదు, మీరు మాకోసం ప్రార్థన చెయ్యండి" అని పొద్దున్నే పేర్లు చెప్పు, సాయంత్రం ఏమైందో వెళ్ళి చెప్పు. మాట రాకపోతే మనసులోనే చేస్తారు. బాబుని ఆవిడ పక్కన కూర్చోబెట్టు, పాతకాలం పాటలు ఆవిడకే బాగా వస్తాయి. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు ముందు ఎవరి పేరు చెప్పాడు? అవ్వ లోయి పేరు, తర్వాతే తల్లి యునీకే. ఇంట్లో ప్రార్థన మొత్తం నువ్వొక్కదానివే మొయ్యాలని ఎవరన్నారు.

ఆదివారం పాపతో బయట తిరగడం గురించి పెద్దగా బాధపడకు, ప్రభువు బల్ల టైముకి లోపలికి వెళ్ళు, ప్రసంగం తర్వాత రికార్డింగ్ దొరికితే విను, దొరక్కపోతే మీ ఆయన్ని ఇంటికొచ్చాక ఏం చెప్పారో రెండు ముక్కలు చెప్పమను. (అప్పుడు ఆయనా ఫోన్ చూడకుండా వింటాడు, అదొక లాభం.) ఒక ఆదివారం నువ్వు, ఒక ఆదివారం ఆయన పాపని చూసుకుంటే ఇంకా మంచిది. నాలుగింటికి లేచే సిస్టర్స్ మంచివాళ్ళే, వాళ్ళ పిల్లలు ఎంత వయసువాళ్ళో, రాత్రి ఎన్నింటికి పడుకుంటారో సాక్ష్యంలో చెప్పరు కదా, అందుకని పోల్చుకోకు.

సండే స్కూల్ విషయం, అవును, ప్రస్తుతానికి ఆపెయ్. పాపకి రెండేళ్ళు వచ్చేదాకా అని పాస్టర్ గారితో చెప్పు, "పర్సనల్ ప్రాబ్లమ్స్" అని తిప్పి చెప్పకుండా ఇంట్లో చంటిబిడ్డ, మంచం మీద అత్తయ్యగారు అని ఉన్నదున్నట్టు చెప్పు. నీ క్లాసు పిల్లల పేర్లు ఇంకెవరికైనా అప్పజెప్పి మధ్యలో పాఠం ఎక్కడిదాకా వచ్చిందో కూడా రాసిచ్చెయ్. సేవ వదిలేస్తే ఆశీర్వాదం పోతుంది అని ఎవరో ఒకరు అంటారు చూడు, వాళ్ళతో గొడవపడకు, వారానికి ఒక రెండు గంటలు మా అత్తయ్యగారి దగ్గర కూర్చుంటారా ఆంటీ, నేను కాసేపు పడుకుంటా అని అడుగు. కొంతమంది మాట మార్చేస్తారు. కొంతమంది నిజంగానే వస్తారు, వచ్చినవాళ్ళని వద్దనకు.